చెవి మేస్త్రి ఏడుసార్లు చెప్పాడు

ఈమధ్య పరుగు పెట్టిన సంస్థ మేడమ్ మొన్న ఫోన్ చేసింది. పరుగులో పాల్గొన్నవాళ్ళందరి చేతా ఒక పుస్తకం రాయిస్తున్నారట. ఎవరి జ్ఞాపకంగా పరుగెత్తారో ఆ మనిషి గురించి తలా ఒక పేజీ రాయాలట. "మీకేమండీ, ఒక్క వాక్యంతోనే అందర్నీ ఏడిపించారు. దాన్నే కాస్త పొడిగించండి చాలు," అంది. ఆ వాక్యం మీలో చాలామంది చూసే ఉంటారు. నా చొక్కా వీపు మీద అచ్చు వేశారు, గోడల మీద అంటించారు. 'మా నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఈరోజు మా మధ్య ఉండేవాడు.'

ఆ వాక్యం శుద్ధ అబద్ధం. మా నాన్న ఒక్క మాట కాదు, ఏడుసార్లు చెప్పాడు. నేను వినలేదు. విననివాణ్ణి విననట్టు ఊరుకోకుండా, చెప్పలేదని ఆయన మీదకే తోసేశాను. ఈ సంగతి ఒక పేజీలో పట్టదు. వేస్తే మొత్తం వెయ్యండి, లేదంటే చించి పారెయ్యండి. అమ్మకి చదివి వినిపించాకే పంపుతున్నాను.

మా నాన్న లిఫ్ట్ మెకానిక్. ముప్పై నాలుగేళ్ళు ఒకే కంపెనీలో, ఒకే రకం నీలం చొక్కాలో పనిచేశాడు. నాదీ అదే కంపెనీ, అదే పని, అదే చొక్కా. వర్క్‌షాపులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, చెవి మేస్త్రి అనేవారు. మూసిన తలుపుకి చెవి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. "మూడో అంతస్తు తలుపు రోలర్ పోయింది," అనేవాడు. వెళ్ళి చూస్తే అదే పోయి ఉండేది. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. అమ్మ ఆటపట్టించేది: "లిఫ్ట్‌కి పెట్టే చెవి నాకు ఒక్క పూట పెట్టండి, పుణ్యముంటుంది." ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. నేను పనిలో చేరాక నన్ను చిన్న చెవి అన్నారు. ఆ పేరు ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది.

మా పనిలో అన్నిటికన్నా ప్రాణం తీసేది దొంగ ఫాల్ట్. లిఫ్ట్ రోజుకి రెండుసార్లు మధ్యలో ఆగిపోతుంది, జనం గగ్గోలు పెడతారు, తీరా మనం వెళ్ళేసరికి కొత్త అల్లుడిలా బుద్ధిగా తిరుగుతుంది. చాలామంది నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పి, చేతులు దులుపుకుని వచ్చేస్తారు. నాన్న అలా వచ్చేవాడు కాదు. ఒక మడత స్టూలు, ఫ్లాస్కులో టీ పట్టుకుని లిఫ్ట్‌లోనే కూర్చునేవాడు. పూటంతా దానితోపాటే తిరిగేవాడు. ఎక్కినవాళ్ళు ఆయన్ని లిఫ్ట్ నడిపే ఉద్యోగి అనుకుని "అయిదు", "ఏడు" అని పురమాయించేవారు. ఆయన మారు మాట్లాడకుండా నొక్కేవాడు. ఒకావిడ దిగిపోతూ పాపమని చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి వెళ్ళిందట. ఆ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లు నవ్వామో లెక్కలేదు.

"దొంగ ఫాల్ట్‌ని మనం పట్టుకోలేమురా. అదే బయటపడుతుంది. అందాకా దాని పక్కన కూర్చోవాలి, అంతే," అని నాకు నేర్పాడు. నేర్చుకున్నాను కూడా. ఊళ్ళోవాళ్ళ లిఫ్ట్‌ల పక్కన గంటలకు గంటలు కూర్చున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి, అది తెలియకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. పని అయ్యాక మేం స్లిప్పు రాయాలి. మూడు కాపీలు ఉంటాయి. తెల్లది ఆఫీసుకి, గులాబీది కస్టమర్‌కి, పసుపుది పుస్తకంలోనే ఉండిపోతుంది. కింద కస్టమర్ సంతకం చెయ్యాలి. సంతకం పక్కన మూడు గళ్ళు: సంతృప్తికరం, ఫర్వాలేదు, అసంతృప్తి. ఆ గళ్ళలో టిక్కు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. సంతకం పడిందంటే ఆ ఫిర్యాదు మూసేసినట్టే. తర్వాత అదే ఫిర్యాదు మళ్ళీ వస్తే దాన్ని రిపీట్ కాల్ అంటారు, మెకానిక్ పేరు పక్కన ఎర్ర చుక్క పెడతారు. నాన్నకి ముప్పై నాలుగేళ్ళలో నాలుగే చుక్కలు. రిటైరైన రోజు మేనేజరు ఆ మాటే చెప్పి చేతికి గడియారం తొడిగాడు. నాన్న ఇంటికొచ్చి ఆ నాలుగు చుక్కలూ ఎక్కడెక్కడ పడ్డాయో మాకు చెప్పుకుని బాధపడ్డాడు. అదీ మనిషి.

రిటైరయ్యాక ఆరునెలలు బాగానే గడిచింది. ఇంట్లో ఉన్న తలుపు బందులన్నిటికీ నూనె పెట్టాడు. "ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో చప్పుడే లేకుండా చేశారు కదండీ, ఇల్లంతా దొంగలకి అప్పజెప్పారు," అని అమ్మ తిట్టింది. ఆ తర్వాత నూనె డబ్బా అలమరలోకి వెళ్ళిపోయింది. నాన్న గడ్డం గీసుకోవడం రోజు విడిచి రోజు అయింది, ఆపైన వారానికోసారి అయింది. పేపరు ముందు పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాడు.

ఒక ఉదయం నేను షూ లేసులు కట్టుకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒరే, లోపల ఏదో ఆగిపోతోందిరా. కాసేపటికి దానంతటదే కదులుతుంది. ఎందుకో తెలియట్లేదు."

"గ్యాస్ అయ్యుంటుంది నాన్నా," అన్నాను. తలెత్తి చూస్తే లేసు వదులవుతుందన్నట్టు, తల కూడా ఎత్తలేదు. అది మొదటిసారి.

రెండోసారి చెప్పినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నేనేదో పట్టించుకోని కొడుకునని అనుకోకండి, అన్ని పరీక్షలూ చేయించాను. రక్తం, గుండె, స్కాను, అన్నీ. డాక్టరు కాగితాలు తిరగేసి, ఈ వయసులో ఇంత బాగుండటం అదృష్టం అన్నాడు. తిరిగి వస్తుంటే బస్సులో నాన్న నెమ్మదిగా అన్నాడు: "గుండె కాదురా. గుండె బాగానే కొట్టుకుంటోంది. దాని వెనకాల."

"గుండె వెనకాల వీపు ఉంటుంది నాన్నా," అన్నాను. ముందు సీటాయన పక్కున నవ్వాడు. నాకు నేనే పెద్ద చమత్కారినని మురిసిపోయాను. అది మూడోసారి.

నాలుగోది నేను డ్యూటీలో ఉండగా ఫోన్‌లో. పొద్దున లేవాలంటే భయమేస్తోందిరా అన్నాడు. "అయితే ఇంకాసేపు పడుకో, నిన్నెవరు లేవమన్నారు," అన్నాను. అయిదోసారి ఏకంగా వర్క్‌షాపుకే వచ్చాడు. గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడట, నేను బయటికి వచ్చేదాకా. ఏంటి నాన్నా అంటే "ఊరికే వచ్చానురా" అన్నాడు. అది కూడా చెప్పడమేనా అని మీరు అడగొచ్చు. చెప్పడమే. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి ఊరికే రాడు. నేను ఒక టీ ఇప్పించి, మళ్ళీ బస్సెక్కించి చక్కా వచ్చేశాను.

ఆరోసారి ఏం చెప్పాడో నాకు గుర్తులేదు. చెప్పాడని గుర్తుంది, పక్కన మంచం మీద కూర్చున్నాడని గుర్తుంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఎంత తన్నుకున్నా ఆ మాటలు గుర్తు రావడం లేదు. ఏడింటిలో నన్ను ఎక్కువ కాల్చేది అదే.

ఏడోసారి ఒక ఆదివారం మధ్యాహ్నం. చెల్లెలు, బావగారు వచ్చారు. భోజనాలయ్యాయి, అందరం ముందుగదిలో చేరాం. ఆ వారమంతా ఒక ఆఫీసు లిఫ్ట్ నా పాలిట శని అయింది. రోజూ ఆగిపోతోందని ఫోన్, రోజూ వెళ్ళడం, రోజూ అది బుద్ధిగా తిరగడం. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. అలాంటప్పుడు నాన్న గొంతు సవరించుకుని, "పొద్దున్నించీ మళ్ళీ ఆగిందిరా," అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపమూ, దానితోపాటు ఎక్కడలేని హాస్యమూ పుట్టుకొచ్చాయి. లేచి, సంచీలోంచి స్లిప్పు పుస్తకం తీశాను. అందరికీ వినపడేలా పైకి చదువుతూ రాశాను. లిఫ్ట్ నంబరు: ఒకటి. తయారై అరవై ఆరేళ్ళు. ఫిర్యాదు: లోపల ఆగిపోతోంది. పరిశీలన: అన్ని పరీక్షలూ చేశాం, ఫాల్ట్ లేదు. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. బావగారికి పొలమారింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ ఒక్కతే "ఏంటండీ ఇది," అంది, అదీ నవ్వుతూనే.

పుస్తకం నాన్న ఒళ్ళో పెట్టాను. "కస్టమర్‌గారూ, సంతకం."

నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. జీవితంలో ఎన్ని వేల స్లిప్పులు చదివాడో, దీన్నీ అలాగే పైనించి కింది దాకా చదివాడు. "తేదీ వెయ్యలేదురా," అన్నాడు. వేశాను. సంతకం పెట్టాడు. ఆయనా నవ్వాడు, ఒట్టు, నవ్వాడు. గులాబీ కాపీ చించి ఆయన చేతిలో పెట్టి, "కాల్ క్లోజ్ నాన్నా. ఇక ఇదే కంప్లెయింట్ మీద మళ్ళీ పిలిస్తే నాకు ఎర్ర చుక్క," అన్నాను. మళ్ళీ అందరూ గొల్లుమన్నారు.

ఇంకెవరైనా తండ్రి అయితే ఆ కాగితాన్ని ఉండచుట్టి నా మొహాన కొట్టేవాడు. ఇంకే ఇంట్లోనైనా అది ఒక వెర్రి వేళాకోళం, సాయంత్రానికి మరిచిపోయేవాళ్ళు. మా నాన్న చెవి మేస్త్రి. స్లిప్పు మీద సంతకం పెట్టాక మళ్ళీ అదే ఫిర్యాదు చెయ్యడం అంటే ఒక మెకానిక్ పేరు పాడుచెయ్యడమని ముప్పై నాలుగేళ్ళు నమ్మినవాడు. ఆ మెకానిక్ కన్నకొడుకు.

మళ్ళీ చెప్పలేదు. ఎలా ఉంది నాన్నా అంటే "బాగానే ఉంది," అనేవాడు. చూశావా నా వైద్యం అన్నట్టు నేను మా ఆవిడ వైపు చూసేవాణ్ణి. నాలుగు నెలలు అలా గడిచాయి. వానలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం, అమ్మ పక్కింటికి వెళ్ళిన పావుగంటలో నాన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎలా అన్నది రాయను. అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు.

అందరూ ఏడుస్తుంటే నేనేం చేశానో తెలుసా? ఆ గులాబీ కాగితం కోసం వెతికాను. ఆయన చొక్కాల జేబులు, పనిముట్ల పెట్టె, పరుపు కింద, పాత పేపర్ల కట్టలో, అన్నిచోట్లా. దొరికితే చించేద్దామని. అమ్మ కంట పడకూడదని. తండ్రి పోయినవాడికి రావలసిన బుద్ధా అది? తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరిగాను. దొరకలేదు.

ఇక పరుగు సంగతి. మీ సంస్థ కోసం నేను పరుగు మొదలుపెట్టలేదు. అమ్మ పొద్దున్నే రెండు కప్పుల్లో టీ పోసి బల్ల దగ్గర నాకు ఎదురుగా కూర్చునేది. ఏమీ అడిగేది కాదు, ఊరికే కూర్చునేది. ఆవిడ మొహంలోకి చూడటానికి నాకు మొహం చెల్లేది కాదు. ఆ టీ తప్పించుకోవడానికి, అమ్మ లేచేలోపే బూట్లు వేసుకుని బయటపడేవాణ్ణి. బయటపడ్డాక ఏం చెయ్యాలి, పరుగెత్తాను. నా పరుగు గొప్పతనం ఇంతే. మొదటి రోజు రెండు వీధులు దాటేసరికి ఆయాసంతో గోడ పట్టుకున్నాను. "ఏవండీ, మీరు పరుగెత్తుతున్నారా, ఎవరైనా తరుముతున్నారా?" అంది మా ఆవిడ. నవ్వులాటకే అంది గానీ నాకు చురుక్కుమంది.

అలా నాలుగైదు నెలలు పరుగెత్తాక, ఒకరోజు లిఫ్ట్ తలుపు సరిగా మూసుకోవడం లేదంటే ఒక భవనానికి వెళ్ళాను. నాలుగో అంతస్తులో, ఆత్మహత్యలు ఆపడానికి పనిచేసే మీ సంస్థ ఆఫీసు. గోడ మీద పెద్ద అక్షరాలు: 'మగవాడా, మాట్లాడు.' కింద పరుగు తేదీ. స్లిప్పు మీద సంతకం కోసం వెళ్ళినవాణ్ణి ఆ గోడ చూస్తూ నిలబడిపోయాను. మేడమ్ గమనించింది. మీ ఇంట్లో అలా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగింది. మా నాన్న అన్నాను. ఎలా పోయాడో చెప్పాను. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. "ముందుగా ఏమైనా చెప్పేవారా?" అంది.

"ఒక్క మాట చెప్పలేదండీ. చెప్పి ఉంటే ఈరోజు మా మధ్య ఉండేవాడు."

నోరు జారింది అని తప్పించుకోను. తడుముకోకుండా, చక్కగా, గొంతులో జీరతో సహా వచ్చిన అబద్ధం అది. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. "మగవాళ్ళంతా ఇంతేనండీ, లోపలే దాచుకుంటారు," అంటూ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. ఆ మాట వినగానే నాకు ఎంత హాయి కలిగిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మగవాళ్ళంతా ఇంతే! అయితే తప్పు నాన్నది. నాన్నది కూడా కాదు, మగజాతిది. నేను ఆ మధ్యలో ఎక్కడా లేను.

వారం తిరక్కుండా ఆ వాక్యం మా వర్క్‌షాపు గోడ మీదకి ఎక్కింది. మేనేజరు పొంగిపోయి, కంపెనీ తరఫున నువ్వే పరుగెత్తాలి అన్నాడు. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, పనిలో నిదానం కాబట్టి ఎక్స్‌ప్రెస్ అని పిలుస్తాం. నాన్నతో ఇరవై ఏళ్ళు జోడీగా తిరిగినవాడు. టీ గ్లాసు పట్టుకుని ఆ పోస్టరు ముందు నిలబడి అక్షరం అక్షరం చదివాడు.

"అదేంట్రా, మేస్త్రి చెప్పలేదా? నాతో అన్నాడే ఒకసారి. ఒంట్లో బాలేదా మేస్త్రీ అంటే, 'ఏదో ఉందిలే, మావాడికి చెప్పాను, వాడు చూస్తున్నాడు' అన్నాడు."

నేను చూస్తున్నానట. "నీకేం తెలుసని వాగుతావ్?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. తండ్రి వయసు మనిషి. ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు, ఇది అచ్చయితే ఆయనకి చదివి వినిపించాలి.

చొక్కా వచ్చింది. పసుపు రంగు, వీపంతా ఆ వాక్యం. దాన్ని అమ్మకి కనపడకుండా దాచడమే నాకు పెద్ద ఉద్యోగం అయింది. ఉతికితే తిరగేసి, తువ్వాళ్ళ వెనకాల ఆరేసేవాణ్ణి. పరుగు ఉందని అమ్మకి తెలుసు, వీపు మీద ఏముందో తెలియదు. నాన్న ఏడుసార్లలో మూడుసార్లు అమ్మ ఎదుటే చెప్పాడు మరి.

పరుగు రోజు ఉదయం అమ్మ లేవకముందే పైన జాకెట్ వేసుకుని ఇంట్లోంచి బయటపడ్డాను. అక్కడ జాకెట్ తీసెయ్యక తప్పలేదు. పది కిలోమీటర్లు. మూడో కిలోమీటరు దగ్గర వెనకనించి ఎవరో నా భుజం తట్టారు. భారీ మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. "మీ వీపు చదువుతూ వస్తున్నానన్నా. మా అన్నయ్యా అంతే, నోరు విప్పలేదు," అన్నాడు. ఏడుస్తున్నాడు. ఆయన్ని తప్పించుకోవడానికి కాళ్ళు విరిగేలా పరుగెత్తాను. నేను అనుకున్నదానికన్నా ఏడు నిమిషాలు ముందే చేరాను, అందుకని అందరూ మెచ్చుకున్నారు.

గీత దాటి తలెత్తితే కమ్మీ అవతల అమ్మ. పక్కన మా ఆవిడ, ఫోన్‌లో వీడియో తీస్తూ. "సర్‌ప్రైజ్!" అని చెయ్యి ఊపింది. అమ్మకి వీపు కనపడకూడదని పిచ్చివాడిలా వెనక్కి వెనక్కి నడిచాను. మైకు పట్టుకున్నాయన ఊరుకుంటే కదా. "ఈయన వీపు మీద ఏముందో అందరూ చదవాలి!" అంటూ భుజాలు పట్టుకుని గిర్రున తిప్పాడు. వీపు అమ్మ వైపు, మొహం జనం వైపు. ఆ కాసేపూ నేను అమ్మని చూడలేదు. చదువుతోందని మాత్రం తెలుసు. భూమి చీలి లోపలికి పోతే బాగుండునని చాలామంది అంటుంటే విన్నాను. నిజంగా కాళ్ళకింద రోడ్డు వైపు చూశాను.

మళ్ళీ ఇటు తిప్పి మైకు నోటి ముందు పెట్టాడు. "మీ మాటల్లో చెప్పండి."

అప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగా అమ్మ ఉంది, ఎవరూ నన్ను కొట్టరు. అమ్మ కళ్ళలోకి చూస్తూనే, "మా నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాను. మిగతా సగం జనమే అందుకున్నారు. చప్పట్లు మోగిపోయాయి. అమ్మ చప్పట్లు కొట్టలేదు. చేతిసంచీ జిప్పు తీసింది, మళ్ళీ మూసింది.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. పిల్లని చెల్లెలి ఇంటినుంచి తీసుకొస్తానని మా ఆవిడ మధ్యలో దిగిపోయింది. అమ్మా నేనూ మా భవనానికి చేరాం. తొమ్మిది అంతస్తులు, మాది ఆరు. లిఫ్ట్ ఎక్కి ఆరు నొక్కాను. తలుపు మూసుకోగానే అమ్మ సంచీలోంచి మడిచిన కాగితం తీసింది. మడతల దగ్గర తెల్లబడింది గానీ రంగు గులాబీయే.

"దీనికోసం వెతికావు కదూ?"

కాగితం వైపు చెయ్యి చాచాను.

"వెతుకుతున్నావనే నా దగ్గర పెట్టుకున్నానురా." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే భయమేసింది. "మీ నాన్న చెప్పలేదా?"

"చెప్పాడమ్మా."

"ఎన్నిసార్లు?"

"ఏడు."

ఆ అంకె పైకి అనడం అదే మొదటిసారి. అమ్మ కాగితం విప్పి నా చేతిలో పెట్టింది. నా రాత, ఆయన సంతకం. సంతకం పక్కన మొదటి గడిలో టిక్కు ఉంది. సంతృప్తికరం. నా పసుపు కాపీలో ఆ టిక్కు లేదు. అంటే కాగితం చించి ఇచ్చాక పెట్టాడు.

"ఆ రోజు సాయంత్రం పెన్ను అడిగాడు," అంది అమ్మ. "ఇది పెట్టకపోతే వాడికి మాట వస్తుంది అన్నాడు. హాస్యానికన్నాడో నిజంగానే అన్నాడో నాకు అంతుపట్టలేదు. నేనూ నవ్వాను."

నాకు ఏడుపు వచ్చింది. పసుపు చొక్కాలో, మెడలో పతకంతో, నలభై మూడేళ్ళ వెధవని, లిఫ్ట్ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆరో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. అమ్మ దిగలేదు. నన్ను చూడలేదు కూడా, ఎదురుగా మా ఇంటి వరండా వైపు చూస్తోంది. తలుపు మూసుకుంది. కింద ఎవరో నొక్కినట్టున్నారు, లిఫ్ట్ కిందికి దిగింది.

కిందికి చేరేసరికి ఎదురుగా మూడో అంతస్తులో ఉండే ఆయన, రెండు చేతుల్లో సంచులతో. మా ఇద్దరి మొహాలూ చూసి తడబడ్డాడు. కింద మీటర్ల అలమరలో నాన్న మడత స్టూలు ఉంటుంది, ఆయన పెట్టిన చోటే. ఒక్క క్షణం ఆగండని ఆయనకి చెప్పి, అది తెచ్చి లిఫ్ట్ మూలలో వేశాను. "కూర్చో అమ్మా." అమ్మ కూర్చుంది. మూడో అంతస్తు ఆయన "మూడు," అని గొణిగాడు. నొక్కాను. ఆయన దిగిపోతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. చూస్తే చూడనీ.

తొమ్మిదికి వెళ్ళాం. కిందికి వచ్చాం. మళ్ళీ వెళ్ళాం. నేను ఏమీ అడగలేదు. నాన్న పోయిన కొత్తలో పొద్దున్నే రెండు కప్పుల టీ పోసుకుని నా ఎదురుగా ఎందుకు కూర్చునేదో, అసలు అడగడానికి కూర్చునేదా, చెప్పడానికి కూర్చునేదా అని అప్పటిదాకా నా బుర్రకి తట్టనే లేదు. ఎంతసేపు తిరిగామో తెలియదు. ఏడో అంతస్తు దాటుతుంటే అమ్మ నోరు విప్పింది.

"నీకు ఏడుసార్లు చెప్పాడు. నాకు రోజూ చెప్పాడురా."

'నీ తప్పేం లేదమ్మా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. 'ఫాల్ట్ లేదు' అని ఎన్ని వేల స్లిప్పుల మీద రాశానో, చెయ్యి అలవాటు. పళ్ళు బిగించి మింగేశాను.

"ఏమనేవాడమ్మా?" అన్నాను.

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కిందికి చేరాక నేను మళ్ళీ తొమ్మిది నొక్కాను.